సంగీతం, ట్రాన్స్ జీవితం, కూడగట్టుకున్న కుటుంబం: ఊహాకల్పన నవల రాయడం ఎలా

ఈ మూడింటినీ ఒకే నవలలో పెట్టాలనుకునేవారు సాధారణంగా మొదటి అధ్యాయంలోనే మూడింటినీ దించేస్తారు. మహిమగల వాయిద్యం, ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్ అమ్మాయి, తలుపు తీసి లోపలికి రమ్మనే దయగల పెద్దావిడ. ఇరవై పేజీల్లో కథ అయిపోతుంది. మిగతా మూడు వందల పేజీలూ దయే. దయ మంచిదే కాని, పేజీ తిప్పించదు.

కింద చెప్పే పద్ధతి నాకు పనికొచ్చింది. మెట్లన్నీ ఒకే ఎత్తున ఉండవు. తెలుగు క్రియల దగ్గర చాలాసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగులో ఈ నవల నిలిచినా కూలినా అక్కడే.

మొదటి మెట్టు: ఒకే ఒక్క నియమాన్ని మార్చండి

ఊహాకల్పన అంటే అన్నీ మార్చేయడం కాదు. లోకంలో ఒక్క నియమం మార్చి, దాని ఖర్చు ఎవరు మోస్తారో చూడటం. ఆ నియమం సంగీతాన్ని తాకాలి. ట్రాన్స్ జీవితానికి నేరుగా ఉపమానం మాత్రం కాకూడదు. "పుట్టగానే ప్రతి మనిషికీ ఒక స్వరం కేటాయిస్తారు, మన నాయికకు తప్పు స్వరం పడింది" అనే ఆలోచన అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. రెండో పేజీకే పాఠకుడికి అంతా అర్థమైపోతుంది. ఇక చదవడమెందుకు?

ఉపమానం వెతకడం మానేసి భౌతికశాస్త్రం వైపు చూడండి. అంగారకుడి మీద గాలి ఒత్తిడి భూమి మీదున్న దానిలో ఒక శాతం కూడా ఉండదు, ఆ గాలిలో చాలా భాగం కార్బన్ డయాక్సైడే. 2021లో అక్కడ దిగిన పర్సెవరెన్స్ రోవర్ మైకులు అక్కడి శబ్దాలను రికార్డు చేశాయి. వాటిని పరిశీలిస్తే ఒక వింత బయటపడింది: అక్కడ శబ్దానికి రెండు వేగాలు. సుమారు 240 హెర్ట్జ్ కంటే కింది స్వరాలు సెకనుకు 240 మీటర్ల వేగంతో వెళితే, పై స్వరాలు 250 మీటర్ల వేగంతో వెళతాయి. అంటే 120 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషికి పై స్వరం ముందు చేరుతుంది, కింది స్వరం సెకనులో యాభయ్యో వంతు ఆలస్యంగా వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఒకే పాట రెండుగా చీలుతూ పోతుంది.

ఇది నవలకు సరిపోయే నియమం. వెంటనే దాని ఖర్చు కూడా రాసుకోండి. ఆ గాలిలో నోటితో పాడలేరు, ఊపిరే ఉండదు. గుడారాల లోపల మామూలు గాలే కాబట్టి అక్కడ ఈ వింత వినిపించదు. అందుకే బయట ఒక స్తంభానికి స్పీకరు కట్టి, రోజూ సాయంత్రం ఒక పాట వేస్తారనుకుందాం. హెల్మెట్ మైకు ద్వారా వినేవారికి దూరాన్ని బట్టి వేరువేరు పాటలు వినిపిస్తాయి. ఎవరు ఎంత దూరంలో నిలబడి వింటారు అన్న ప్రశ్నలోనే కథ మొదలవుతుంది.

అంగారకుడు వద్దనుకుంటే స్వరశాస్త్రంలోనే ఒక పాత చిక్కు ఉంది. షడ్జమం నుంచి పంచమానికి శుద్ధంగా ఎక్కుతూ పన్నెండుసార్లు వెళితే, ఏడు స్థాయిల పైనున్న షడ్జమానికి రావాలి. రాదు. సుమారు 23.5 సెంట్లు ఎక్కువ వస్తుంది (సెంటు అంటే స్వరాల మధ్య దూరాన్ని కొలిచే కొలత), అర్ధస్వరంలో దాదాపు నాలుగో వంతు. ఆ మిగులును ఎక్కడో ఒకచోట దాచాల్సిందే. ఫాంటసీ రాసేవారికి ఇంతకంటే మంచి దయ్యం దొరకదు.

రెండో మెట్టు: వాయిద్యాన్ని చేతులతో తెలుసుకోండి

"ఆమె వాయిస్తుంటే అందరి కళ్ళూ చెమర్చాయి" అనే వాక్యం మీ చిత్తుప్రతిలో ఎక్కడున్నా కొట్టేయండి. అమృతం, గంధర్వులు, హృదయతంత్రులు కూడా. సంగీతాన్ని విశేషణాలతో వర్ణిస్తే పాఠకుడికి ఏమీ వినిపించదు. వేళ్ళు, చెమట, తప్పు పడిన చోటు చూపిస్తే వినిపిస్తుంది.

ఒకే వాయిద్యం ఎంచుకోండి. నేను ఫిడేలును ఎంచుకున్నాను. దాని కడుపులో ఒక చిన్న కొయ్యపుడక ఉంటుంది, సుమారు ఆరు మిల్లీమీటర్ల మందం. తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జికి సన్నతీగ వైపున్న కాలి దగ్గర, పైచెక్కకూ అడుగుచెక్కకూ మధ్య నిలబడి ఉంటుంది. దానికి జిగురు పెట్టరు. తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే బాగుచేసేవారు తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మారుస్తారు. నాలుగూ ఒకేసారి విప్పేస్తే పుడక పడిపోవచ్చు.

ఇప్పుడు ఈ సంగతిని కథలోకి తీసుకురండి. నా నవలలో నళిని అంగారక స్థావరంలో వాయిద్యాలు బాగుచేసే మనిషి:

*నళిని ఫిడేలును చెవి దగ్గర పెట్టుకొని నెమ్మదిగా వంచింది. లోపల ఏదో దొర్లింది.*

*"విరిగిందా?" అన్నాడు కుర్రాడు.*

*"పడిపోయింది, అంతే. తీగలన్నీ ఒకేసారి విప్పావు కదూ?"*

*వాడు మాట్లాడలేదు. ఆమె వంపు తిరిగిన ఇనుప పుల్ల మొనకు పుడకను గుచ్చి, పైచెక్క మీది చీలికలోంచి దింపింది. మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలిచింది. వెంట్రుకవాసి ఇటు జరిపితే స్వరం ముక్కుతో పలికినట్టు ఉంది. అటు జరిపితే మూగబోయింది.*

ఈ ముక్కలో లింగం గురించి ఒక్క మాట లేదు, కుటుంబం గురించీ లేదు. కాని ఆమె ఓపిక తెలిసింది, కుర్రాడి భయం తెలిసింది. ఆ పుడకను ఫ్రెంచివారూ ఇటలీవారూ తమ భాషల్లో "ఆత్మ" అనే మాటతోనే పిలుస్తారు. ఆ విషయం నవలలో చెప్పాలని మీకు చేయి దురద పెడుతుంది. చెప్పకండి. చెబితే పుడక పుడకగా ఉండదు, ఉపన్యాసమవుతుంది.

వాయిద్యం తెలిస్తే కథ దానంతట అదే అడుగుతుంది. కొయ్య వాయిద్యానికి గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. పొడిగాలిలో చెక్క చీలుతుంది. చెట్లు లేని గ్రహం మీద పుడక విరిగితే కొత్త కొయ్య ఎక్కడిది? ఎవరో ఒకరు తమ దగ్గరున్న కొయ్యవస్తువును కోయడానికి ఇవ్వాలి. ఎవరు, ఏ వస్తువు, ఎంతసేపు తటపటాయించాక ఇచ్చారు? ఒక అధ్యాయం దొరికింది.

మూడో మెట్టు: నాయికకు ఇంకో కోరిక ఇవ్వండి

ట్రాన్స్ కావడం కథాంశం కాదు, పరిస్థితి. నళినికి కావలసింది ఆ స్తంభం మీది పాట చీలకుండా వినిపించే చోటు కనుక్కోవడం. ఆమె ట్రాన్స్ మహిళ కాబట్టి ఆ వెతుకులాటలో కొన్ని తలుపులు మూసుకుంటాయి, కొన్ని కొత్తవి తెరుచుకుంటాయి. కోరిక మాత్రం పాటదే.

రెండు విషయాల్లో మొండిగా ఉండండి. ఒకటి, ఆమె శరీరాన్ని రహస్యంగా దాచి నూట ఇరవయ్యో పేజీలో బయటపెట్టే మలుపు వద్దు. జాజ్ పియానో వాద్యకారుడు బిల్లీ టిప్టన్ దశాబ్దాల పాటు మగవాడిగా బతికారు. 1989లో ఆయన చనిపోయాక పత్రికలు ఆయన సంగీతాన్ని వదిలేసి శరీరం గురించే రాశాయి. అదే పని మీ నవల చేయకూడదు. రెండు, పుట్టినప్పుడు పెట్టిన పాత పేరు అచ్చు వేయవద్దు. కథలో ఎవరైనా ఆ పేరుతో పిలిచే తీరాలంటే, పిలిచిన క్షణాన్ని రాసి పేరును వదిలేయండి. పాఠకుడు ఖాళీని చూసి మరింత ఉలిక్కిపడతాడు.

వైద్యం సంగతి కూడా లోకం నియమాల్లోకి రావాలి. హార్మోన్లు ఒక్కసారి వేసుకుని మరచిపోయే మందు కాదు, రోజూ లేదా వారం వారం సరఫరా కావాలి. సరుకు ఓడ ఆలస్యమైతే? 1940ల మొదట్లో రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త మెక్సికోలో దొరికే ఒక రకం అడవి పెండలం దుంప నుంచి ప్రొజెస్టెరాన్ తయారుచేసే దారి కనుక్కున్నాడు. స్టెరాయిడ్ హార్మోన్ల పరిశ్రమ పెరిగింది ఆ దారి మీదే. మీ స్థావరపు తోటలో దుంపలు పెంచే మనిషి ఉంటే, ఆ మనిషికీ నళినికీ మధ్య నిజమైన పని ఏర్పడుతుంది. జాలి కాదు, పని.

నాలుగో మెట్టు: గొంతు

సంగీతం నవలలో ట్రాన్స్ పాత్ర ఉంటే గొంతును తప్పించుకోలేరు. చాలామంది రచయితలు ఇక్కడ తప్పు రాస్తారు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ స్వరతంత్రులను మందం చేస్తుంది, గొంతు దిగుతుంది, దిగినది మళ్ళీ ఎక్కదు. ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఆ పనిని తిరగేయలేదు. కాబట్టి మందు వేసుకున్న ట్రాన్స్ మహిళ గొంతు మూడో అధ్యాయానికల్లా సన్నబడింది అని రాయకండి. ఆమె గొంతును సాధన చేసి మార్చుకుంటుంది, సంగీతం నేర్చుకున్నట్టే. ట్రాన్స్ పురుషుడైతే మరో కథ: బాగా తెలిసిన పాట ఒకరోజు గొంతులో పట్టదు, కొన్ని నెలలు స్వరం ఎటు జారుతుందో తెలియదు.

శ్రుతి ఒక్కటే గొంతు కాదు. మగవారి మాట సుమారుగా 100 నుంచి 150 హెర్ట్జ్, ఆడవారి మాట 180 నుంచి 220 హెర్ట్జ్ దగ్గర ఉంటుందని లెక్క చెబుతారు, కాని ఈ రెంటి మధ్య ఒకే శ్రుతిలో మాట్లాడే ఇద్దరిని విని ఎవరెవరో మనం ఇట్టే చెప్పేస్తాం. ఎందుకంటే ధ్వని మోగే చోటు వేరు: గొంతుకలోనా, నోటి ముందు భాగంలోనా. మాట ఎత్తుపల్లాలు వేరు. సాధన చేసేవారు శ్రుతి కంటే ఈ మోగే చోటు కోసమే ఎక్కువ కష్టపడతారు. అద్దం ముందు ఒకే వాక్యాన్ని నలభైసార్లు చెప్పే దృశ్యం రాయండి. నలభై ఒకటోసారి పక్కగది నుంచి ఎవరో విసుక్కుంటూ జవాబివ్వాలి.

అయిదో మెట్టు: తెలుగు క్రియ

ఇంగ్లీషులో రాసేవారికి ఉన్న గొడవంతా సర్వనామంతోనే. మనకు క్రియ కూడా తోడవుతుంది. "వచ్చాడు", "వచ్చింది": వాక్యం ముగిసేసరికి లింగం బయటపడుతుంది. ఇది చిక్కే, కాని చేతిలో పెట్టిన ఆయుధం కూడా.

మనుషులు కొత్త పేరుకు త్వరగానే అలవాటు పడతారు. క్రియ వెనకబడుతుంది. స్థావరంలో మైకు పట్టుకున్న ఉద్యోగి, మర్యాద తెలిసినవాడే, "నళిని వచ్చాడు" అంటాడు. పేరు కొత్తది, చివరి అక్షరం పాతది. హాల్లో ఎవరూ తలెత్తరు, ఆమె తప్ప. ఈ ఒక్క వాక్యం చేసే పనిని రెండు పేజీల వివరణ చేయలేదు. తర్వాత ఎన్ని అధ్యాయాలకు అదే ఉద్యోగి నోట "వచ్చింది" వస్తుందో, ఎప్పుడు "వచ్చారు" అవుతుందో ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. అది మీ నవలకు రెండో కథనం.

కథకుడి గొంతు మాత్రం ఎప్పుడూ తడబడకూడదు. బాల్యం చెప్పేటప్పుడు కూడా. "బిడ్డ" అనే మాట ఉంది, దానికి లింగం లేదు. లేదా ఆ భాగాలను "నేను"తో చెప్పించండి. వచ్చాను, వెళ్ళాను అనే క్రియలు ఎవరికైనా ఒకటే.

ఆడా మగా రెండూ కాని పాత్ర ఉంటే "తను" ఒక్కటే సరిపోదు, క్రియ దగ్గర దొరికిపోతుంది. "వారు వచ్చారు" ఒక దారి. మిగతా దారులు వ్యాకరణంలోనే ఉన్నాయి. "రాలేదు" అన్నది ఎవరికైనా చెల్లుతుంది. "రావాలి", "రావచ్చు" కూడా అంతే. "తనకు తెలుసు", "తనకు ఇష్టం", "తనకు భయం వేసింది" వంటి వాక్యాల్లో క్రియ మనిషితో పొందికే పెట్టుకోదు. చూడండి:

*తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్ళాలా వద్దా అని కాసేపు సందేహం. ఫిడేలు కమాను చేతిలోనే ఉంది. ఎవరూ పిలవలేదు. తనకు ఆ పాట తెలుసు. తెలియనట్టు నిలబడటం మాత్రం చేతకాలేదు.*

ఆరు వాక్యాలు, ఎక్కడా లింగం లేదు, ఎక్కడా వంకరా లేదు. మూడు వందల పేజీలు ఇలా రాయగలరా అంటే, రాయగలరు కాని అలసిపోతారు. "వారు"తో కలిపి వాడుకోండి.

ఇంకా సున్నితమైనది పిలుపు. "ఏరా" అనే పిలుపు ఏళ్ళ తరబడి గుచ్చుకున్న మనిషిని ఒక పెద్దావిడ విసుగ్గా "ఏమే, ఆ దీపం ఆర్పలేదేం?" అని కసిరితే? ఆ కసురే బహుమానం. ఇక్కడ జాగ్రత్త: కూతుళ్ళను ముద్దుగా "ఏరా తల్లీ", "నాన్నా" అని పిలిచేవారు తెలుగులో కోకొల్లలు. కాబట్టి "రా" వినబడగానే పాత్ర గాయపడాలని నియమం లేదు. ఎవరు, ఏ గొంతుతో అన్నారన్నదే లెక్క. ఒకే "రా" పదో పేజీలో ముల్లుగా, రెండు వందలో పేజీలో ముద్దుగా వినిపించేలా రాయగలిగితే మీకు ఈ వ్యాసంతో పనిలేదు.

ఆరో మెట్టు: కుటుంబాన్ని కట్టడం

"నువ్వు నా కూతురివి" అనే డైలాగుతో కుటుంబం ఏర్పడదు. తాళంచెవి ఎవరి దగ్గరుంది, నీళ్ళ వాటా ఎవరిది, జ్వరమొస్తే ఎవరి పని ఎవరి మీద పడుతుంది: ఇవి ముందు రాయండి. నా నవలలో ఒక పెద్దమ్మ, తీగలన్నీ విప్పిన ఆ కుర్రాడు, పెండలం పెంచే జోసెఫ్ ఉన్నారు. ముగ్గురికీ నళిని మీద ఏదో ఒక ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు లేని మనిషి నవలలో ఉండకూడదు, కుటుంబంలోనైతే అసలే ఉండడు. నెత్తుటి బంధువులందరినీ రాక్షసులుగానూ రాయకండి. ఏడాదికోసారి రెండే వాక్యాల సందేశం పంపే తమ్ముడు ఉంటే, గెంటేసిన తండ్రి కంటే వాడే ఎక్కువ బాధపెడతాడు.

నమూనా కావాలంటే నలుగురు తీగవాద్యకారుల బృందాన్ని చూడండి. ఎదురుగా నిలబడి నడిపించే మనిషి ఉండడు. ఊపిరి పీల్చే తీరుతోనే ఎత్తుగడ అందుకుంటారు. కీబోర్డు మీద షడ్జమానికీ అంతర గాంధారానికీ మధ్య 400 సెంట్ల దూరం స్థిరంగా బిగించి ఉంటుంది. కలిసి మోగినప్పుడు చెవికి హాయిగా ఉండే దూరం 386. ఫిడేలుకు మెట్లు లేవు కాబట్టి, వేలు ఆ పద్నాలుగు సెంట్లు వెనక్కి జరుగుతుంది. పక్కన ఎవరు ఏ స్వరం పట్టారన్నదాన్ని బట్టి సరైన గాంధారం ఎక్కడుందో తేలుతుంది. ఈ సర్దుబాటును సంభాషణల్లో చూపండి: నళిని జోసెఫ్‌తో మాట్లాడే తీరు వేరు, పెద్దమ్మతో వేరు. రెండూ ఆమే.

గొడవలు తప్పనిసరి. ఫిడేలు అతికే జిగురును కావాలనే చెక్కకంటే బలహీనంగా పెడతారు. ఒత్తిడి వస్తే అతుకు విడిపోవాలి, చెక్క పగలకూడదు. విడిన అతుకును మళ్ళీ వెచ్చచేసి అతికించుకోవచ్చు. మీ కుటుంబం నవల మధ్యలో ఎక్కడ విడిపోవాలో ముందే నిర్ణయించుకోండి, ఆ చోటు అతుకై ఉండేలా చూసుకోండి.

తెలుగు మనకిచ్చిన మరో సాధనం "మేము", "మనం". ఎదుటి మనిషిని బయట నిలబెట్టే మాట ఒకటి, లోపలికి తీసుకునే మాట ఇంకొకటి. మొదటి సగమంతా పెద్దమ్మ ఇంటివారు నళినితో "మేము" అనే మాట్లాడాలి. "మేము ఏడింటికి దీపాలు ఆర్పేస్తాం." "మా నీళ్ళు మాకే చాలవు." ఎవరూ గమనించరు, మీరు తప్ప.

ఏడో మెట్టు: చదివించడం, సరిచూడటం

ట్రాన్స్ పాఠకులు ఇద్దరుముగ్గురి చేత చిత్తుప్రతి చదివించండి. వారి సమయానికి డబ్బివ్వండి. "అంతా బాగుందా?" అని కాదు, "ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది?" అని అడగండి. ఒకరి మాటను అందరి మాటగా తీసుకోకండి. నా మొదటి ప్రతి చదివిన ఇద్దరూ ఒకే దృశ్యం మీద పూర్తిగా విరుద్ధమైన అభిప్రాయాలు రాసి పంపారు. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ఆ దృశ్యం తీసేశాను, వేరే కారణంతో: అది బాగా రాలేదు.

తర్వాత పుస్తకమంతా గట్టిగా చదువుతూ క్రియల చివర్లు మాత్రమే వినండి. కథకుడు ఒక్కచోట జారినా చెవికి తగులుతుంది.

ముగింపు విషయంలో నాది పక్షపాతమే: ట్రాన్స్ పాత్రను చంపి పాఠకుడిని ఏడిపించడం అరిగిపోయిన పని. నా చివరి అధ్యాయంలో కొయ్య తడి ఆరిపోతోంది, నీళ్ళ వాటా గురించి ఇంట్లో వాదన నడుస్తోంది. నళిని వాదనలో లేదు, మూలన కూర్చుని తీగ బిగిస్తోంది. పెద్దమ్మ లెక్కలు చెబుతోంది. కుర్రాడు ఉన్నట్టుండి, "మన ఫిడేలుకు కూడా ఒక గ్లాసు పక్కన పెట్టండి" అంటాడు. నళిని చేతిలో బిరడా తిరగడం ఆగుతుంది. పెద్దమ్మ తలెత్తకుండానే ఆ గ్లాసును లెక్కలో కలిపేస్తుంది.